కాయితం కరెక్టేనండి

మా ఫౌండ్రీకి కంప్యూటర్ వచ్చిన రోజు దానికి బొట్టు పెట్టారు. బొట్టు తెర మీద పెట్టాలా పెట్టె మీద పెట్టాలా అని పంతులుగారు అడిగితే, హైదరాబాదు నుంచి దాన్ని తెచ్చినాయన రెండూ వద్దని మొత్తుకున్నాడు. మా యజమాని వినలేదు. కొబ్బరికాయ మాత్రం గుమ్మం బయట కొట్టించాడు, నీళ్ళు పడితే పాడైపోతుందన్నారు కాబట్టి.

ఆ గది ముందు రోజు దాకా నాది. నా డ్రాయింగ్ బోర్డుని నలుగురు మోసుకెళ్ళి వరండాలో, తుక్కు ఇనుము పక్కన గోడకి ఆనించారు. దాని చోట ఒక ఏసీ, ఒక స్టెబిలైజరు, ముదురు నీలం కర్టెన్లు వచ్చాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలని అట్ట మీద రాసి తగిలించారు. ఎనభైల చివరి సంవత్సరాలవి. గుంటూరు ఎండలో మేమంతా ఆవిరిలో ఇడ్లీల్లా ఉడికిపోతుంటే ఆ పెట్టె ఒక్కటే చల్లగా కూర్చుంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది.

నాది కనిగిరి. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఆ ఫౌండ్రీలో ఆరేళ్ళుగా బొమ్మలు గీస్తున్నాను. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు యంత్రాలకు ఇనప భాగాలు పోతపోసే చోటు అది. అక్కడ పనిచేసే ఆడదాన్ని నేనొక్కదాన్నే. చెల్లెల్ని తెచ్చి గుంటూరులో కాలేజీలో చేర్పించాను, ఇద్దరం ఒకే గదిలో వండుకు తినేవాళ్ళం. ఆ ఉద్యోగం పోతే మా ఇద్దరికీ మళ్ళీ కనిగిరి బస్సే. కనిగిరిలో కొండ ఉంది, కోట ఉంది, నాకు కావలసిన బోర్డు మాత్రం ఎక్కడా లేదు.

పూజ అయ్యాక యజమాని నన్ను పిలిచి విషయం తేల్చి చెప్పాడు. మద్రాసులో ఏదో ప్రదర్శనలో, మనిషి చెయ్యి తగలకుండా పెన్నుతో అదే గీసుకుపోయే యంత్రాన్ని చూసి మనసు పారేసుకుని వచ్చాడాయన. పత్తి మిల్లులకు చేరే లోపల కొత్త జిన్నింగు యంత్రం సైడు ఫ్రేము బొమ్మ ఈ కంప్యూటర్‌లోంచి రావాలి. రాకపోతే డ్రాయింగ్ గది మూసేసి, బొమ్మలు కోయంబత్తూరులో గీయించుకుంటాడు. ఈ మాట కోపంగా అన్నా బాగుండేది. టీ తాగుతూ అన్నాడు. అప్పుడు నడివేసవి. పత్తి రావడానికి ఆరు నెలలు కూడా లేదు.

హైదరాబాదు ఆయన మూడు రోజులుండి నేర్పాడు. నేర్పాడు అంటే, నా కుర్చీలో తను కూర్చుని టకటకా కొట్టాడు, నేను వెనక నిలబడి చూశాను. మూడో రోజు సాయంత్రం ఇటుకంత లావున్న పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, అన్నీ ఇందులో ఉన్నాయని బస్సెక్కాడు. అన్నీ ఉన్న మాట నిజమే. ఎక్కడున్నాయో తెలియడమే కష్టం.

ఆ ప్రోగ్రాం రాసినవాడెవరో గాని, జన్మలో డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి ఉండడు. నల్లటి తెర. కింద ఒక్క లైను ఖాళీ. అక్కడ ఇంగ్లీషులో మాట కొట్టాలి. ఒక్క అక్షరం తప్పితే నీ ఆజ్ఞ నాకు తెలియదంటుంది. ఏం కొడితే తెలుస్తుందో మాత్రం చెప్పదు. మా ఫ్రేముకి కడుపు దగ్గర ఒక వంపు ఉంటుంది. బోర్డు మీద నేను ఫ్రెంచి కర్వు అనే వంపుల పలక పెట్టి ఒక్క ఊపులో దాన్ని గీసేసేదాన్ని. ఇక్కడ వంపు గీయడానికి పదో పదకొండో దారులున్నాయి. కేంద్రం చెప్పు, మొదలు చెప్పు, కోణం చెప్పు అని వరసగా ప్రశ్నలు. నా చేతికి తెలిసిన వంపుకి కేంద్రం ఎక్కడుందో నాకెప్పుడూ అవసరం పడలేదు. వారం రోజులు పట్టింది ఆ ఒక్క వంపుకి.

దగ్గరగా చూద్దామని పెద్దది చేస్తే బొమ్మంతా మాయమై, మళ్ళీ ఒక్కో గీతా మొదట్నుంచీ పుట్టుకొస్తుంది. ఈలోగా నేను క్యాంటీనుకెళ్ళి టీ తాగి రావచ్చు, వచ్చేదాన్ని కూడా. మౌసులో ఉండే బంతికి పక్క మిల్లుల నుంచి ఎగిరొచ్చే పత్తి నూగు చుట్టుకుని, బాణం తెర మధ్యలో బిగుసుకుపోయేది. రోజూ పొద్దున్నే పిన్నీసుతో ఆ నూగు తీయడం నా మొదటి పని. మిర్చి బస్తాల లారీలు మా వీధినే పోతాయి. ఆ ఘాటు ఏసీ గదిలోకి కూడా వచ్చేది, నాకు తుమ్ములు, దానికి ఫ్లాపీ చదవనని మొరాయింపు. ఇక కరెంటు. పదకొండింటికి పోతుందని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒకసారి గీతల్లో పడి, గీసింది కంప్యూటర్‌లో దాచడం మర్చిపోయాను. రెండు రోజుల పని ఒక్క టిక్కుమన్న చప్పుడుతో పోయింది. చీకటి పడ్డ తెరలో నా ముఖం నాకే కనిపించింది. తలుపేసుకుని ఏడ్చాను. ఏసీ ఆగిపోయిన ఆ గదిలో ఏడుపుకి ఊపిరి కూడా ఆడలేదు.

అప్పటికి నేనొక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ పనికి ఏ మాట కొట్టాలో తెలుగులో రాసుకుంటున్నాను. అది సగం నిండేసరికి శ్రావణమాసంలో హైదరాబాదు నుంచి కొత్త ఫ్లాపీలు వచ్చాయి. ప్రోగ్రాం కొత్త రకం వచ్చిందట, ఇంకా సులువట. పైనుంచి జాబితాలు కిందికి జారతాయి, వాటిల్లోంచి ఎంచుకుంటే చాలట. ఎక్కించి చూస్తే నేను బట్టీపట్టినవి కొన్ని చోట్లు మారాయి, కొన్ని పేర్లు మారాయి. సులువు చేసినవాడికి సులువే. నాకు మాత్రం ఈదుతున్న వాణ్ణి ఒడ్డుకి చేరబోతుండగా మళ్ళీ మధ్యలో దింపినట్టయింది. క్యాలెండరు వైపు చూడటానికే భయం వేసేది. దసరా దాటితే పత్తి వచ్చేస్తుంది గనుక, చెల్లెలు అన్నం కలిపి పెడుతుంటే, దసరా ఇంకెన్నాళ్ళుందని దాన్నే అడిగేదాన్ని.

ఇక్కడ మేస్త్రి గారి గురించి చెప్పాలి.

ఇనుము పోత పోయాలంటే ముందు అదే ఆకారంలో చెక్కతో నమూనా చెయ్యాలి. దాన్ని ఇసకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనాలు చేసేది మేస్త్రి గారు. పాత గుంటూరు సాయిబు. తండ్రి దగ్గర బళ్ళ చక్రాలు చెయ్యడం నేర్చి, తరవాత ఫౌండ్రీకి వచ్చి, అక్కడే తల నెరిసినాయన. నేను కొత్తగా చేరినప్పుడు ఆడపిల్ల గీసిన బొమ్మ మీద ఉలి పెట్టనని అన్నాడని విన్నాను. మొదటి బొమ్మ చూశాక టేకు చెక్క తెచ్చి పని మొదలుపెట్టాడు. ఆ తరవాత ఆరేళ్ళు నేను గీస్తుంటే ఆయన వచ్చి బోర్డు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. మాటలు తక్కువ. ఎప్పుడైనా ఈ మూల కొంచెం గుండ్రం చెయ్యమ్మా, ఇసక విరుగుతుంది అనేవాడు. నేను చేసేదాన్ని.

మా పని పద్ధతి వేరే చోట్ల ఉండేది కాదు. నమూనా బొమ్మని అసలు సైజులోనే గీయాలి, అంకెలు వెయ్యకూడదు. మేస్త్రి గారు ఆ కాయితాన్ని చెక్క మీద పరిచి, గీతల వెంట సూదితో గుచ్చుకుంటూ పోతాడు. కాయితం తీసేస్తే చెక్క మీద చుక్కల వరస ఉంటుంది, దాని మీదే రంపం. ఆయన కొలవడు. డ్రాయింగ్ గదిలోంచి వచ్చిన కాయితాన్ని మళ్ళీ కొలవడం అంటే గీసినవాళ్ళని అవమానించడమే అక్కడ. ఇలాంటి పెద్ద బొమ్మలు గీయడానికి గదిలో ఒక పొడుగాటి చెక్క స్కేలు ఉండేది. మేస్త్రి గారే చేసి, గీట్లు పెట్టి ఇచ్చింది. నాకు ముందు పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్ వెళ్ళిపోతూ, చెక్కకిచ్చే బొమ్మలు దీంతోనే గియ్యి, వేరేదాంతో గియ్యకు అని చెప్పి పోయాడు. సరేనన్నాను. ఎందుకని అడగలేదు.

కంప్యూటర్ గదిలోకి మేస్త్రి గారిని రానివ్వలేదు. ఆయన బట్టల నిండా రంపప్పొట్టు ఉంటుందని యజమాని ఆజ్ఞ. ఆయన ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచి, కర్టెను సందులోంచి చూసి వెళ్ళిపోయాడు. లోపల తెర మీద అరచేతంత ఫ్రేము. అందులో చూసేందుకు ఆయనకేముంది? నిజానికి నాకూ అదే ఇబ్బందిగా ఉండేది. ఆ తెర మీద దేనికీ సైజు ఉండదు. బోల్టూ అంతే, ఫ్రేమూ అంతే. బోర్డు ముందు నిలబడితే రెండున్నర అడుగుల ఫ్రేము నా భుజానికి తెలిసేది, చెయ్యి అంత దూరం చాపాలి గనుక. ఇక్కడ ముప్పై అని కొట్టడమే, చెయ్యి కదిలేది లేదు.

దసరా వెళ్ళిన వారానికి బొమ్మ పూర్తయింది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన, పెన్నుతో గీసే యంత్రం ప్లాటరు దాన్ని గీయడం మొదలుపెట్టింది. పెన్ను మాటిమాటికీ ఎండిపోతుంటే నేను మూతి దగ్గర పెట్టుకుని ఊదాను, తడి గుడ్డతో తుడిచాను, కొత్తది పెట్టాను. నాలుగోసారికి బొమ్మంతా మచ్చ లేకుండా వచ్చింది. పుస్తకంలో చెప్పినట్టే స్టీలు టేపుతో కొలిచాను. సరిగ్గా ముప్పై అంగుళాలు. అటు ఒక వెంట్రుక లేదు, ఇటు ఒక వెంట్రుక లేదు. నేనే పట్టుకెళ్ళి మేస్త్రి గారికిచ్చాను. ఆయన కాయితాన్ని వెలుతురుకెత్తి చూసి, గీతలు బాగున్నాయమ్మా అన్నాడు. ఆ రోజు చెల్లెలికి మసాలా దోసె తినిపించాను. ఐదు నెలల తరవాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

నలభై ఫ్రేములు పోతపోశారు. మిల్లులో వాటిని బిగించబోతే ఒక్కటీ బిగియలేదు. ఫ్రేములన్నీ పొట్టి. బోల్టు కన్నాలు పావు అంగుళానికి పైగా పక్కకి పోయాయి. మిల్లు ఆవరణలో అప్పటికే పత్తి బళ్ళు నిలబడి ఉన్నాయి.

మర్నాడు పొద్దున యజమాని ఆ ఫ్రేముల్లో ఒకదాన్ని, చెక్క నమూనాని, నా కాయితాన్ని షెడ్డులో వరసగా పెట్టించాడు. టేపు పట్టుకుని తనే వంగి కొలిచాడు. కాయితం ముప్పై. చెక్క ముప్పై. ఇనుము ముప్పైకి తక్కువ.

కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుంటుంది, అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు. అది ఫౌండ్రీలో గేటు కాపలా మనిషికి కూడా తెలుసు. నేను పరీక్షలో ఆ ప్రశ్నకి జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అందుకే నమూనా ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ఆరేళ్ళుగా మా ఫ్రేములు సరిగ్గా వస్తున్నాయంటే ఆ మేర మేస్త్రి గారు చెక్కలో కలుపుతున్నాడనే నేననుకున్నాను.

యజమాని ఆయన్ని అడిగాడు, ఎందుకు కలపలేదని.

మేస్త్రి గారు అర్థం కానట్టు చూశాడు. "అది కాయితంలోనే వచ్చేదండీ," అన్నాడు. "ఎప్పుడూ కాయితంలోనే ఉండేది."

"కాయితంలో ముప్పై ఉంది. కావాల్సింది ముప్పై. ఇంకేం ఉంటది కాయితంలో?"

ఆ క్షణంలో నాకు మొత్తం తెలిసిపోయింది. చెక్క స్కేలు. ఆయన గీట్లు పెట్టినప్పుడే అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు సాగదీసి పెట్టాడు. దాంతో ముప్పై అని గీస్తే కాయితం మీద పడేది ముప్పై మీద ఇంకొంచెం. ఆరేళ్ళూ ఆ కొంచెం నా చేత్తోనే గీశాను, నాకే తెలియకుండా. నాకు తెలుసనుకున్నాడు ఆయన. ఆయన కలుపుతాడనుకున్నాను నేను. ఆ స్కేలు మా ఇద్దరి మధ్యా ఉన్నన్నాళ్ళూ మాకు ఈ మాట మాట్లాడుకునే పనే పడలేదు. కంప్యూటర్ వచ్చాక స్కేలు వరండాలో బోర్డు వెనకే ఉండిపోయింది.

యజమాని నా వైపు తిరిగాడు. "ఏమ్మా, కాయితం కరెక్టేనా?"

మేస్త్రి గారూ నా వైపే చూస్తున్నాడు. కనిగిరి బస్సు కళ్ళముందు కనపడింది. చెల్లెలి కాలేజీ, మా గది, గోడకి ఆనించిన బోర్డు, అన్నీ ఒకేసారి కనపడ్డాయి. స్కేలు అన్న ఒక్క మాట చాలు. నాలుక మీదే ఉంది.

"కరెక్టేనండి," అన్నాను.

అబద్ధం కాదది. టేపు పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. యజమానికి అంతకంటే అక్కర్లేకపోయింది. ఇన్ని వేల గీతలు గీసే యంత్రం పొరపాటు పడదు, ముసలితనం వచ్చినవాళ్ళే పడతారు అన్నాడు. మేస్త్రి గారు స్కేలు సంగతి చెప్పబోయాడు, రెండు మాటలు చెప్పాడు కూడా. యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. మేస్త్రి గారు నా వంక ఒకసారి చూసి, ఉలులు గుడ్డలో చుట్టుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఆపడానికి నా కాలు ముందుకు పడలేదు. అందరూ వెళ్ళాక నేను వరండాలోకి వెళ్ళి, ఆ స్కేలు మీద స్టీలు టేపు పరిచి చూశాను. నేననుకున్నంతే ఉంది.

ఇటుకంత పుస్తకంలో నేనింకా చేరని పేజీలో ఒక కమాండ్ ఉంది. గీసిన బొమ్మ మొత్తాన్ని ఎంతంటే అంత పెంచేది. నాలుగు రోజుల తరవాత దొరికింది. ఒక మాట, దాని పక్కన ఒక అంకె, ఎంటర్. నిమిషం పట్టలేదు. మా ఫ్రేము సరిగ్గా కుంచించుకునేటంత పెరిగింది. తెర మీద చూస్తే ఏమీ మారినట్టే లేదు. ఆ నిమిషం పని తెలియక మేస్త్రి గారు పని వదిలి పోయాడని తలకొట్టుకున్నాను.

కొత్త వడ్రంగి వచ్చాడు, కొత్త నమూనా చేశాడు, ఫ్రేములు ఆలస్యంగానైనా సరిగ్గా బిగిశాయి. యజమాని అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. నా ఉద్యోగం నాకుంది. అన్నం మాత్రం సయించలేదు.

ఒక ఆదివారం పొద్దున మేస్త్రి గారింటికి వెళ్ళాను. పాత గుంటూరులో సందు చివర ఇల్లు. అరుగు మీద కూర్చుని ఎవరిదో తలుపు చిత్రిక పడుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను ఆ కమాండ్ గురించి గబగబా చెప్పాను, అది ముందే తెలిసుంటే ఇలా జరిగేది కాదని చెప్పాను. నా మాట నాకే సాకులా వినపడుతోంది. ఆయన చిత్రిక ఆపలేదు.

"అయ్య అడిగినప్పుడు నీకు తెలిసిందా, లేదా?" అన్నాడు చివరికి.

"తెలిసింది మేస్త్రి గారూ."

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ రమ్మన్నాను, యజమానితో నేనే మాట్లాడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పని అక్కర్లేదమ్మా. తలుపులు చేసుకుంటా, కిటికీలు చేసుకుంటా. ఇన్నేళ్ళలో నా చెక్క తక్కువొచ్చిందని ఎవుడూ అన్లేదు. ఇప్పుడు షెడ్డులో అందరూ అంటున్నారంట. ఆ ఒక్క మాట తీసెయ్యి. నాకింకేం వద్దు."

రేపే చెబుతానని ఆయన ముందు ఒట్టు పెట్టుకున్నాను. దారంతా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను.

సోమవారం పొద్దున యజమాని గదికి వెళ్ళేసరికి, ఒంగోలు నుంచి వచ్చిన ఇద్దరు మిల్లు యజమానులు కూర్చుని ఉన్నారు. మా యంత్రం చూద్దామని వచ్చారట. ఈ అమ్మాయే నడిపేది అని నన్ను వాళ్ళకి చూపించాడాయన. ముందు వాళ్ళకి చూపించి తరవాత చెబుదామనుకున్నాను. ప్లాటరు గీస్తుంటే వాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. తప్పులు రావా అని అందులో ఒకాయన అడిగాడు. మా యజమాని నవ్వి, మొన్న ఒక వడ్రంగి చేసిన తప్పు కథ మొదలుపెట్టాడు. ముసలాయన, చెక్క తక్కువ కోశాడు, కాయితం మాత్రం కరెక్టు అని చెప్పి, "అంతేగా అమ్మా?" అన్నాడు.

తల ఊపాను.

ఆ గదిలో ఇంకో పన్నెండేళ్ళు పనిచేశాను. వచ్చిన ప్రతివాళ్ళకీ యజమాని ఆ కథ చెప్పేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని.